పోకర్ నేర్చుకుందాం – 4: కూర్చున్న చోటు

పోయిన పాఠంలో ఏ ముక్కలు మంచివో చూశాం. ఆ పట్టికను ఇవాళ కొంచెం దిద్దుకోవాలి. ఒక కుర్చీలో పారేయాల్సిన ముక్కలే ఇంకో కుర్చీలో ఆడదగ్గవి అవుతాయి.

మనం ఆడే పోకర్ టెక్సాస్ హోల్డెమ్: చేతికి రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు. ఇందులో డీలర్ బటన్ (పంచేవాడి స్థానాన్ని చూపే బిళ్ల) ఆటకోసారి ఎడమపక్క మనిషికి జరుగుతుంది. బటన్ తర్వాత స్మాల్ బ్లైండ్, ఆ తర్వాత బిగ్ బ్లైండ్, అంటే ముక్కలు చూడకముందే చిన్న పందెం, పెద్ద పందెం పెట్టాల్సినవాళ్లు. ఫ్లాప్‌కు (బల్ల మీద ఒకేసారి తెరిచే మొదటి మూడు ముక్కలకు) ముందు బిగ్ బ్లైండ్ ఎడమపక్కవాళ్లు మొదట ఆడాలి. ఫ్లాప్ పడ్డాక మాత్రం ప్రతి రౌండ్‌లోనూ చివరి మాట బటన్‌దే.

ఆరుగురి ఆట, బ్లైండ్లు 1, 2 అనుకుందాం. మీ చేతిలో ఆఠీను రాజు, కళావరు పది.

ముందు బిగ్ బ్లైండ్ పక్కన కూర్చోండి. మీ తర్వాత ఇంకా ఐదుగురున్నారు. మీరు 5కు పెంచారు, బటన్ మీదున్నతను కాల్ చేశాడు (అంతే పెట్టాడు), మిగతావాళ్లు పారేశారు. పాట్, అంటే మధ్యలో పోగైన పందెం, 13. ఫ్లాప్‌లో డైమన్ రాజు, ఇస్పేటు ఎనిమిది, కళావరు మూడు. రాజుల జత కుదిరింది, బాగానే ఉంది. కానీ ముందు మీరే తేల్చాలి. 4 పెట్టారు, అతను 14 చేశాడు. అతని దగ్గర ఆసు-రాజు ఉందా, రాజు-రాణి ఉందా, ఊరికే బెదిరిస్తున్నాడా? పక్కనున్న పదిని చూసుకుని టెన్షన్ పడాల్సిందే. ఇంకా రెండు ముక్కలు పడాలి, రెండుసార్లూ ముందు నోరు విప్పాల్సింది మీరే.

అవే ముక్కలతో ఇప్పుడు బటన్ మీదికి రండి. ముందున్న ముగ్గురూ పారేశారు. మీరు 5 చేశారు, బిగ్ బ్లైండ్ ఒక్కడే కాల్ చేశాడు. పాట్ 11. అదే ఫ్లాప్. అతను చెక్ (పందెం పెట్టకుండా వంతు వదిలాడు), మీరు 4, అతను కాల్. పాట్ 19. నాలుగో ముక్క ఇస్పేటు ఆసు, మీకు నచ్చని ముక్క. అతను మళ్లీ చెక్ అన్నాడు. మీరూ చెక్ అంటే చాలు, ఐదో ముక్క పైసా పెట్టకుండా కనిపిస్తుంది. మొదటి కుర్చీలో ఈ వెసులుబాటు లేదు, మీరు చెక్ అన్నాక అతను పందెం కాయొచ్చు. అందుకే రాజు-పది రంగు కలవకపోతే మొదటి కుర్చీలో పారేయండి, బటన్ మీద పెంచండి.

ఇద్దరే ఆడితే బటనే స్మాల్ బ్లైండ్. ఫ్లాప్‌కు ముందు అతనిదే మొదటి మాట, తర్వాత చివరి మాట.

అభ్యాసానికి చింతపిక్కలు చాలు, డబ్బు వద్దు. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి.

ఇంట్లో నలుగురితో ముప్పై ఆటలు ఆడండి. మీ వంతు వచ్చిన ప్రతిసారీ ముక్కలు చూసే ముందే, మీ తర్వాత ఇంకా ఎంతమంది ఆడాలో కాగితం మీద రాయండి. ఆ కాగితం దాచండి, బ్లైండ్ల పాఠంలో దానితోనే పని.