మోకాలి మార్పిడి తర్వాత ఇంట్లో వ్యాయామాలు: చేస్తున్నా కాలు రావట్లేదంటే ఎక్కడ వెతకాలి

మోకాలి మార్పిడి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేయించడం నా పని. ఫోన్‌లో వచ్చే ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ ఒకటే: "అన్నీ చేస్తూనే ఉన్నామండీ, కాలు మాత్రం రావట్లేదు." ఏ వ్యాయామం ఎలా చేయాలో ఆసుపత్రిలో నేర్పించే పంపి ఉంటారు, బొమ్మల కాగితం కూడా ఇచ్చి ఉంటారు. అవి మళ్లీ చెప్పను.

ఒక్క మాట మాత్రం ముందే. పిక్క గట్టిపడి నొప్పి పుడుతున్నా, ఆయాసంగానో ఛాతీలో నొప్పిగానో ఉన్నా, కుట్ల దగ్గర చీమో నీరో కారుతున్నా, జ్వరం వచ్చినా వ్యాయామం ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. వాట్సాప్‌లో ఫొటో పెట్టి జవాబు కోసం కూర్చోవద్దు.

మోకాలు వంగడం లేదు

మొదట అడగాల్సింది: నిన్న ఎన్నిసార్లు చేశారు? మామూలుగా కాదు, నిన్న. కాగితం మీద మూడు పూటలని ఉంటుంది. ఇంట్లో జరిగేది పొద్దున కాఫీ తాగాక ఒకసారి. మధ్యాహ్నం చుట్టాలొచ్చారు, సాయంత్రం కరెంటు పోయింది. గోడ మీది క్యాలెండర్‌లో పూటకో టిక్కు పెట్టించండి. సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

రెండోది, "రోజూ గంటసేపు నడుస్తున్నాను కదా!" అనే మాట. నడక మంచిదే. కానీ కాలు తిన్నగా చాపితే సున్నా అని లెక్కేస్తే, చదునైన నేల మీద నడవడానికి మోకాలు సుమారు 60 డిగ్రీలు వంగితే చాలు. కుర్చీలోంచి లేవాలంటే 90 దాటాలి. హాల్లో ఎన్ని రౌండ్లు కొట్టినా ఆ మిగతా వంపు రాదు. మడమను మంచం మీద వెనక్కి జరుపుకునే వ్యాయామమే దారి. దుప్పటి మీద మడమ జారకపోతే కింద ప్లాస్టిక్ కవర్ వేయండి.

నొప్పి మాత్ర విషయం కూడా చూడండి. డాక్టరు రాసిన మాత్రను వ్యాయామానికి అరగంట, ముప్పావుగంట ముందు వేసుకోవాలి. చాలామంది నొప్పి వచ్చాక వేసుకుంటారు. అప్పటికే భయపడి సగంలో ఆపేసి ఉంటారు. రాసినవి చాలట్లేదని సొంతంగా ఇంకో మాత్ర కలపవద్దు, బీపీ, కిడ్నీ సమస్యలున్నవాళ్లు అసలే వద్దు.

చేసిన మర్నాడు వాపు పెరుగుతోంది

ఎక్కువ చేశారు. సంఖ్య సగానికి తగ్గించండి, మానేయవద్దు. గుడ్డలో చుట్టిన ఐస్ 15 నుంచి 20 నిమిషాలు పెట్టండి. ఉప్పు మూట కాపడాలు, కుట్ల మీద నూనె మర్దనాలు వద్దు, పక్కింటావిడకు తగ్గినా సరే. కొద్దిపాటి వాపు, వెచ్చదనం కొన్ని నెలలు ఉండటం మామూలే.

బాగానే వంగుతోంది, కానీ కుంటుతున్నారు

నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే. కాలు 100, 110 డిగ్రీలు వంగుతుంది, ఇంట్లో అందరూ సంతోషంగా ఉంటారు. కానీ నాలుగడుగులు వేస్తే తొడ అలసిపోతుంది, నడుము నొప్పి మొదలవుతుంది, ఆ కాలు పొట్టిదైనట్టు నడక ఒరుగుతుంది. తొడలో బలం లేదనుకుని కాలు పైకెత్తే వ్యాయామాలు రెట్టింపు చేస్తారు. అసలు సంగతేమిటంటే మోకాలు పూర్తిగా చాపుకోవడం లేదు. ఎంత వంగిందో లెక్కపెట్టేవాళ్లే గానీ ఎంత చాపగలుగుతున్నారో చూసేవాళ్లు ఉండరు.

చాలాసార్లు కారణం మోకాలి కింద దిండు.

వాచిన మోకాలికి కొంచెం వంచి ఉంచితేనే హాయి, లోపల చేరిన నీటికి అప్పుడే ఎక్కువ చోటు దొరుకుతుంది. దిండు సరిగ్గా ఆ హాయినే ఇస్తుంది. రాత్రి ఎనిమిది గంటలు, మధ్యాహ్నం కునుకు రెండు గంటలు అలాగే పడుకుంటే కీలు వెనక పొర, తొడ వెనక కండరాలు ఆ పొడవుకే బిగుసుకుంటాయి. మీరు చేసే వ్యాయామం మొత్తం కలిపితే గంట. పైగా ఆపరేషన్‌కు ముందు ఏళ్ల తరబడి కాలు వంచే నడిచినవాళ్లకు ఆ బిగుతు ముందే ఉంటుంది.

ఈ దిండు సంగతి తేలిగ్గా బయటపడదు. నేను వెళ్లేసరికి పక్క సర్ది, పెద్దావిడను కుర్చీలో కూర్చోబెట్టి ఉంటారు. "దిండు పెడుతున్నారామ్మా?" అంటే "లేదు బాబూ" అంటారు. అబద్ధం కాదు. పెట్టింది మడతపెట్టిన రగ్గు. లేదా కొడుకు ప్రేమగా కొన్న రిక్లైనర్, అంటే వెనక్కి వాలే కుర్చీ. లేదా మధ్యలో కుంగిపోయిన నవారు మంచం. కొందరు ఏమీ పెట్టుకోరు, పక్కకు తిరిగి రెండు మోకాళ్లూ ముడుచుకుని తెల్లారేదాకా పడుకుంటారు. కాబట్టి దిండు గురించి అడగకండి. పేషెంటు నిద్రపోయాక దుప్పటి తీసి కాలు ఎలా ఉందో చూడండి, ఒక ఫొటో తీయండి.

పరీక్ష సులువు. చెక్క బల్ల మీదో పలుచటి బొంత వేసిన గట్టి మంచం మీదో వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు చాపించండి, కాలివేళ్లు పైకప్పు వైపు ఉండాలి. మోకాలి కింద మీ అరచెయ్యి దూర్చండి. దూరకపోతే, లేదా బిగువుగా దూరితే పర్వాలేదు. పిడికిలి పడుతోందంటే పని ఉంది. రెండో కాలితో పోల్చకండి, అది కూడా అరిగినదైతే లెక్క తప్పుతుంది.

మోకాలి కింద ఉన్నదాన్ని తీసేసి, తువ్వాలు చుట్టి మడమ కింద పెట్టండి. మోకాలు, పిక్క గాలిలో ఉండాలి. మొదట ఐదు నిమిషాలు, తర్వాత పది, పదిహేను, రోజుకు మూడు నాలుగుసార్లు. కాలు అలా ఉండగానే తొడ బిగించి మోకాలిని కిందికి నొక్కాలి, ఐదు అంకెలు లెక్కపెట్టి వదలాలి, అలా పదిసార్లు. సీరియల్ చూసేటప్పుడు ఎదురు కుర్చీ మీద మడమ ఆనించినా ఇదే పని జరుగుతుంది. మోకాలి వెనక లాగినట్టుంటుంది, అది ఉండాల్సిందే. ఇంకొకరు చేత్తో మోకాలిని అదమకూడదు.

వాపు కోసం కాలు ఎత్తులో పెట్టాలంటే దిండును పిక్క నుంచి చీలమండ దాకా పొడుగ్గా పెట్టండి, మోకాలి కింద మాత్రం ఏమీ ఉండకూడదు. దిండు తీసిన మొదటి ఒకట్రెండు రాత్రులు నిద్ర పట్టదు. ఆ మాట ముందే చెప్పకపోతే అర్ధరాత్రి ఆయాను బతిమాలి మళ్లీ పెట్టించుకుంటారు.

మిగతావి

"ఇంప్లాంట్ బాగాలేదేమో, లోహం పడలేదేమో" అని అడగని ఇల్లు లేదు. చాలా అరుదు, ఫాలో-అప్ ఎక్స్‌రే చూసి సర్జనే చెబుతారు. కోత పక్కన తిమ్మిరి, నొప్పి లేకుండా వచ్చే టకటక శబ్దం గురించి టెన్షన్ పడకండి.

ఆరు వారాలు దాటినా 90 డిగ్రీలు వంగకపోతే ఇంట్లో ఇంకా ప్రయత్నిద్దామని ఆగవద్దు. మత్తు ఇచ్చి మోకాలిని వంచే పద్ధతి ఉంది, అది అవసరమో కాదో సర్జన్ నిర్ణయించాలి, ఆలస్యమైతే దాని ఫలితం తగ్గుతుంది. అది వంపుకు పనికొచ్చినంతగా కాలు చాపడానికి పనికిరాదు. వెళ్లేటప్పుడు టిక్కులు పెట్టిన క్యాలెండర్, రాత్రి తీసిన ఫొటో పట్టుకెళ్లండి.