మానేసిన చోటు నుంచే మళ్లీ మొదలుపెట్టకండి

మొన్న నేను వ్యాయామం నేర్పే బ్యాచ్‌లో ఒక కుర్రాడు ఆసుపత్రి పాలయ్యాడు. బలహీనుడేమీ కాదు. రెండేళ్లు క్రమం తప్పకుండా వ్యాయామం చేసినవాడే, చదువు ఒత్తిడిలో ఐదు నెలలు మానేశాడు. తిరిగొచ్చిన మొదటి రోజే పాత లెక్క ప్రకారం 200 బస్కీలు తీశాడు.

రెండో రోజు మెట్లు దిగలేక, రైలింగ్ పట్టుకుని వెనక్కి తిరిగి ఒక్కో మెట్టూ దిగడం చూశాను. అడిగితే "ఒళ్లు నొప్పులే అన్నా, తగ్గిపోతాయి" అన్నాడు. మూడో రోజు పొద్దున తొడలు వాచిపోయి ప్యాంటు ఎక్కలేదు. మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చింది. వారం రోజులు సెలైన్ ఎక్కించారు. కిడ్నీలు దెబ్బతినకుండా బయటపడ్డాడు.

కొత్త ఏడాది వస్తోందంటే చాలామంది మళ్లీ మొదలుపెడతారు. వార్మప్ చేయండి, నీళ్లు తాగండి అని నేను చెప్పక్కర్లేదు, అవి అందరికీ తెలుసు. ఇన్నేళ్లుగా నేర్పిస్తూ నేను పదేపదే చూసిన తప్పు ఒకటుంది. మానేసిన చోటు నుంచే మొదలుపెట్టడం. దాని గురించే ఇదంతా.

ఒంట్లో ఏం జరుగుతుంది

కొత్తవాడికి ఒక రక్షణ ఉంటుంది. ఇరవై బస్కీలకే కాళ్లు వణికి కూర్చుండిపోతాడు. పాతవాడికి ఆ రక్షణ ఉండదు. కదలిక నరాలకు గుర్తుంటుంది, బలం కూడా నెలల తరబడి చాలావరకు నిలుస్తుంది. కాబట్టి 200 తీయగలుగుతాడు. కానీ అంత పని చేసినా కండ చిట్లకుండా కాపాడే అలవాటు ఒకటుంది. అది చేస్తూ ఉంటేనే ఉంటుంది, మానేస్తే కొన్ని నెలల్లో కరిగిపోతుంది. అంటే చేసే శక్తి మిగిలింది, తట్టుకునే శక్తి పోయింది.

బస్కీలో పైకి లేచేటప్పటి కన్నా నెమ్మదిగా కిందికి దిగేటప్పుడే కండకు ఎక్కువ దెబ్బ. సాగుతూనే బరువును ఆపాలి కదా. మామూలుగా అయితే ఆ చిన్న చిన్న చిరుగులు మానుతూ కండ గట్టిపడుతుంది, మనం కోరుకునేది అదే. మోతాదు మించితే కండ కణాలే పగిలి, లోపలి మయోగ్లోబిన్ (కండలో ఉండే ఒక ప్రొటీన్), పొటాషియం రక్తంలోకి వచ్చేస్తాయి. మయోగ్లోబిన్ కిడ్నీల్లోని సన్నటి గొట్టాలను దెబ్బతీస్తుంది, పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. దీన్నే రాబ్డోమయోలిసిస్ అంటారు. 2011 జనవరిలో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టులో 13 మంది ఇలాగే ఆసుపత్రిలో చేరారు. అంతకుముందు వాళ్లకు దొరికిన విరామం మూడు వారాలే. తిరిగి రాగానే భుజాల మీద బరువుతో 100 స్క్వాట్లు, అంటే మన బస్కీల్లాంటివే, చేయించారు. రోజూ ఆడే ఆటగాళ్లకే ఆ గతి పట్టింది.

ఒక్కో భాగానిది ఒక్కో వేగం

వ్యాయామం మొదలుపెట్టిన కొద్ది రోజులకే రక్తంలో ప్లాస్మా అనే ద్రవ భాగం పెరుగుతుంది, గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం పంపుతుంది, ఆయాసం తగ్గుతుంది. మొదటి వారాల్లో పెరిగే బలం ఎక్కువగా నరాల నేర్పు వల్ల వచ్చేదే, కండ పెరిగి కాదు. కండ కంటికి కనిపించేలా పెరగడానికి వారాలు పడుతుంది. కండను ఎముకకు కట్టి ఉంచే టెండన్లకు, ఎముకలకు నెలలు పడుతుంది. రెండు వారాల్లో దమ్ము తిరిగొచ్చిందని పరుగు దూరం రెట్టింపు చేసేవాళ్లకు మడమ దగ్గర నొప్పి, ముంగాలి ఎముకలో పగులు వచ్చేది ఇందుకే. దమ్ము ఉంది కదా అని మానేసిన చోటు నుంచి మొదలుపెట్టకండి.

ఎంతతో మొదలుపెట్టాలి

మొదటి వారం పాత లెక్కలో సగం మించకూడదు. నన్నడిగితే నెలల విరామం తర్వాత మూడో వంతు చాలు. తర్వాత వారానికి కొంచెం చొప్పున పెంచండి. ఇంకా చేయగలను అనిపిస్తుండగానే ఆపేయాలి. మొదటి రోజు ఒళ్లు ఎంత బాగా సహకరించినా నమ్మొద్దు, దెబ్బ తెలిసేది మర్నాడో మూడో రోజో.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరుసలో:

- మొదటి వారం ఎవరితోనూ పందెం వేయకండి.
- జ్వరంగా ఉన్నప్పుడు వ్యాయామం వద్దు. వైరస్ గుండె కండరానికి సోకి ఉంటే ప్రాణం మీదికి వస్తుంది.
- ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. అప్పటిదాకా సమయం, జోరు రెండూ తగ్గించండి.
- పరిగెత్తి ఒక్కసారిగా నిలబడిపోకండి. రక్తం కాళ్లలోనే ఉండిపోయి కళ్లు తిరుగుతాయి. నడవండి.
- బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకండి, ముఖ్యంగా బీపీ ఉన్నవాళ్లు.
- ఛాతీలో బరువుగా ఉన్నా, దవడకో చేతికో నొప్పి పాకినా ఆపేసి ఆసుపత్రికి వెళ్లండి. గ్యాస్ అని సర్దిచెప్పుకోవద్దు.
- ట్రైనర్ చెప్పినా సరే, మానేసిన చోటు నుంచి మొదలుపెట్టకండి.
- నొప్పులు తగ్గాలని డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి మాత్రలు వేసుకుని మళ్లీ వ్యాయామానికి దిగకండి. అవి కిడ్నీలకు రక్తం తగ్గిస్తాయి.
- నొప్పి మూడు రోజులు దాటి పెరుగుతున్నా, కండ వాచి గట్టిపడినా మామూలు ఒళ్లు నొప్పి అనుకోవద్దు.
- మూత్రం రంగు ముదిరితే నీళ్లు తాగి చూద్దాం అని ఇంట్లో కూర్చోకండి. ఆ రోజే వెళ్లండి. డాక్టరుకు ఏ వ్యాయామం, ఎన్ని, ఎప్పుడు, ఎన్ని నెలల తర్వాత అన్నది అంకెలతో చెప్పండి, సీకే పరీక్ష (కండ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమును చూసే రక్త పరీక్ష) అడగండి. మా కుర్రాడు మొదట మూత్రం మంట మందులు రాయించుకుని ఇంటికొచ్చేశాడు. బస్కీల సంగతి అక్కడ చెప్పనే లేదు.