వంశవృక్షం పాఠాలు – 3: నీరుగంటి తాత జాడ

పోయిన పాఠంలో ఇంట్లోని పాత కాగితాలు తీసి, పెద్దల పేర్ల పక్కన కనిపించే వృత్తి మాటలన్నీ నోటుబుక్కులో రాసుకోమన్నాను. ఈసారి అందులో ఒక్క మాట పట్టుకుని వెళ్దాం. నీరుగంటి.

ఊరి చెరువు నీళ్లకు బాధ్యుడు ఈయన. తూము ఎప్పుడు తీయాలి, ఎప్పుడు మూయాలి, ముందు ఎవరి మడి తడపాలి, చివరి పొలానికి నీళ్లు అందాయా లేదా, అన్నీ ఆయనే చూసుకునేవాడు. పెద్ద వాన పడిన రాత్రి కట్ట మీద కాపు కాసి, గండి పడేలా ఉంటే ఊరిని లేపేవాడు. రాయలసీమలో నీరుగంటి అంటే, తెలంగాణలో నీరటి అంటారు. వెతికేటప్పుడు రెండు మాటలూ గుర్తుంచుకోండి.

ఆయనకు నెల జీతం లేదు. కళ్లంలో రైతులు కొలిచి ఇచ్చే ధాన్యం, దాంతోపాటు చేసిన పనికి బదులుగా సాగు చేసుకోమని ఇచ్చిన కొంచెం భూమి, అంటే మాన్యం, అంతే. కొలిచిచ్చిన గింజలకు కాగితం మిగల్లేదు గానీ భూమికి మిగిలింది. అందుకే మనిషి పేరుతో కాకుండా మాన్యంతో వెతకడం మొదలుపెట్టమంటాను.

ముందు ఊరికి వెళ్లి, ముసలి రైతుల్ని పొలాల పేర్లు అడగండి. మంగలి మాన్యం, తలారి మాన్యం లాంటి పేర్లు ఇప్పటికీ జనం నోళ్లలో ఉన్నాయి. మా నాయనమ్మ వాళ్ల మామగారి గురించి "తూము కాడ ఉండేటోడు" అనేది. ఆయన ఇల్లు చెరువు దగ్గర అనుకున్నాను చాలా ఏళ్లు. చెరువు కింద "నీరుగంటోళ్ల మడి" ఉందని ఒక పెద్దాయన చూపించిన రోజు ఆ మాటకు అర్థం తెలిసింది. నాయనమ్మ అప్పటికి లేదు. మీ ఇంట్లో పెద్దలుంటే ఈ వారమే అడగండి.

తర్వాత రికార్డు. మాన్యాన్నే సర్కారు కాగితాల్లో ఇనాం అంటారు. మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్ వేసి, ఊరూరా మాన్యాలను విచారించి ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు రాయించింది. మాన్యం ఏ పనికి ఇచ్చారు, విస్తీర్ణం ఎంత, అప్పుడు అనుభవిస్తున్నది ఎవరు అన్నవి అందులో ఉంటాయి. వయసు కూడా రాసి ఉంటే మీ అదృష్టం. 1861లో 40 ఏళ్లంటే ఆయన పుట్టింది 1821 ప్రాంతంలో. కలెక్టరేట్ రికార్డు రూములోనూ, రాష్ట్ర పురాభిలేఖ శాఖ (స్టేట్ ఆర్కైవ్స్)లోనూ ఊరి పేరు, పాత తాలూకా పేరు ఇచ్చి అడగండి. పేర్లు ఆనాటి ఇంగ్లీషు స్పెల్లింగులో వింతగా కనిపిస్తాయి. పైకి చదవండి, తెలుగు పేరు వినబడుతుంది.

పాత గ్రామ లెక్కల్లో ఏడాది ఫసలీలో, అంటే జులైలో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరంలో ఉంటే, మన లెక్క కోసం 590 కలపండి. 1330 ఫసలీ అంటే 1920 జులై నుంచి 1921 జూన్ వరకు.

ఇంటిపేరు నీరటి అయినంత మాత్రాన మీ ముత్తాత ఆ పనే చేశాడని రాసేయకండి. ఆ పేరు ఎన్ని తరాల కిందటిదో! మాన్యమో, రికార్డో దొరికేదాకా చార్టులో పెన్సిలుతోనే రాయండి.

ఈ వారం పని: మీ ఊరి చెరువు కింద పొలాల పేర్లు కనీసం అయిదు, చెప్పినవారి పేరుతో సహా రాసుకోండి. నిజాం ఇలాకాలో ఫసలీ లెక్క వేరు, కాగితాలూ వేరు. సేత్వార్, ఖాస్రా పహాణీ అనే అక్కడి భూమి రికార్డులు చదవడం వచ్చే పాఠంలో.