సహ (సమాచార హక్కు) చట్టం సాధన – 5వ పాఠం: అధికారి మాట వెనుక ఉన్న కాగితం రాబట్టడం

గత పాఠంలో దరఖాస్తు ఎవరి పేరిట రాయాలో, పది రూపాయల ఫీజు ఎలా కట్టాలో చూశాం. ఈసారి పని కాస్త కష్టం. ఒక పెద్ద అధికారి మైకు ముందు ఒక మాట అన్నారు. ఆ మాటకు ఫైల్లో ఏముందో బయటికి తీయాలి.

ఉదాహరణ మన విశాఖ నుంచే తీసుకుందాం, అదీ సరిహద్దు గురించి. సరిహద్దు అనగానే పంజాబు, కశ్మీరు గుర్తొస్తాయి గానీ ఫిషింగ్ హార్బర్ నుంచి బయల్దేరే మరబోటుకూ ఒక హద్దుంది. బంగ్లాదేశ్‌తో మన సముద్ర హద్దు 2014 జులైలో అంతర్జాతీయ ట్రిబ్యునల్ తీర్పుతో ఖరారైంది. గుజరాత్ బోట్ల మీద పనికెళ్లిన ఉత్తరాంధ్ర జాలర్లు పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో వాఘా మీదుగా ఇల్లు చేరిన సంగతి జాలరిపేటల్లో ఇంకా చెప్పుకుంటూనే ఉంటారు. హద్దుల గురించి అధికారులు ఏమన్నా ఆ కుటుంబాల తిండి మీద పడుతుంది.

అభ్యాసం కోసం ఒక మాట కల్పించుకుందాం. ఒక సమావేశంలో ఒక అధికారి ఇలా అన్నారనుకోండి: “హద్దు దాటుతున్న బోట్లలో ఎక్కువ భాగం తెలిసే దాటుతున్నాయి. అందుకే నిబంధనలు కఠినం చేస్తున్నాం.” ఇక్కడ ముడి అంతా “తెలిసే” దగ్గరుంది. అది నిజమైతే తప్పు బోటు నడిపే సరంగుది. ఇంజిను చెడి బోటు కొట్టుకుపోయిందనో, దారి చూపే పరికరం పనిచేయలేదనో తేలితే చేయాల్సిన పని వేరు, ఖర్చు పెట్టాల్సిన చోటు వేరు. ఆ మాట దేన్ని చూసి అన్నారో అడిగే హక్కు మనకుంది.

మొదటిసారి రాసేవాళ్లు చాలామంది ఇలా రాస్తారు:

“అయ్యా, జాలర్లు కావాలనే హద్దు దాటుతున్నారని మీరు ఎందుకు అన్నారు? పేదవాళ్ల మీద ఇలాంటి నింద వేయడం న్యాయమేనా? వివరణ ఇవ్వగలరు.”

ఇందులో కోపం న్యాయమైనదే. కానీ “మీరు కోరినది సెక్షన్ 2(ఎఫ్) కింద సమాచారం కాదు” అని ఒక్క ముక్కలో జవాబొస్తుంది (ఏది సమాచారమో చెప్పేది ఆ సెక్షనే), దాన్ని అప్పీలులో తిప్పికొట్టడం కూడా కష్టం. “ఎందుకు” అన్న ప్రశ్నకు సంజాయిషీ చెప్పే బాధ్యత సమాచార అధికారికి లేదని బొంబాయి హైకోర్టు గోవా బెంచి 2008లో చెప్పింది. లేని సమాచారాన్ని కొత్తగా తయారుచేసి ఇవ్వనక్కర్లేదని 2011లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మరి మనకు దక్కేదేమిటి? ఆఫీసులో ఇప్పటికే ఉన్న కాగితం. అదేం చిన్న విషయం కాదు. అదే 2(ఎఫ్) చదివి చూడండి: రికార్డులు, మెమోలు, ఈ-మెయిళ్లు, అభిప్రాయాలు, సలహాలు, పత్రికా ప్రకటనలు, సర్క్యులర్లు, నివేదికలు అన్నీ అందులోకి వస్తాయి.

అందుకని ప్రశ్న గుర్తులు తీసేసి మళ్లీ రాద్దాం:

“ఫలానా తేదీన ఫలానా చోట జరిగిన సమావేశం కోసం తయారైన బ్రీఫింగ్ నోటు, ప్రసంగ పాఠం నకళ్లు ఇవ్వగలరు.

‘హద్దు దాటుతున్న బోట్లలో ఎక్కువ భాగం తెలిసే దాటుతున్నాయి’ అన్న వాక్యానికి ఆధారమైన నివేదిక గానీ లెక్కల పట్టిక గానీ ఉంటే, ఫైలు నంబరు, తేదీతో సహా నకలు ఇవ్వగలరు.

నిబంధనలు మార్చాలన్న ప్రతిపాదన మీద గత ఏడాది జనవరి నుంచి నేటి వరకు నడిచిన ఫైలు నోట్ షీట్ల నకళ్లు ఇవ్వగలరు.

పై వాటిలో ఏదైనా మీ కార్యాలయంలో లేకపోతే, రికార్డు లేదని అంశాలవారీగా తెలపగలరు.”

చివరి వాక్యం ఎప్పుడూ వదలకండి. అది లేకపోతే మిగతా అంశాలన్నిటికీ కలిపి ఏదో ఒక పొడి జవాబు వచ్చే వీలుంటుంది. అది ఉంటే, “రెండో అంశానికి సంబంధించి ఎలాంటి రికార్డూ లేదు” అని సంతకంతో వచ్చే అవకాశం ఉంది. అలా వస్తే నిరాశ పడకండి. ఆ మాటకు తమ దగ్గర కాగితం లేదని ఆ కార్యాలయమే రాసిచ్చినట్టు. నా దృష్టిలో ఇలాంటి దరఖాస్తుల్లో దొరికే అత్యంత విలువైన జవాబు అదే.

అధికారి అన్న మాటను పేపర్లో వచ్చింది వచ్చినట్టే, కొటేషన్లలో రాయండి. మీ సొంత మాటల్లోకి మార్చితే “అలా అనలేదు” అనడానికి సందు ఇచ్చినట్టే. పేపరు కటింగు జత చేయండి. కేంద్ర నిబంధనల ప్రకారం దరఖాస్తు మామూలుగా 500 పదాలు దాటకూడదు, జతపరిచినవి ఆ లెక్కలోకి రావు. ఈ సమాచారం మీకెందుకో చెప్పక్కర్లేదు, సెక్షన్ 6(2) ఆ ప్రశ్న అడగొద్దంటుంది. విశాఖలో వేసే దరఖాస్తు తెలుగులో ఉండొచ్చు.

ఎక్కడికి పంపాలి? మాట అన్నవారు ఏ శాఖవారైతే ఆ శాఖకే. రాష్ట్ర మత్స్యశాఖ వేరు, రక్షణ శాఖ కింద ఉండే కోస్ట్ గార్డ్ వేరు, విదేశాల్లో చిక్కినవాళ్ల సంగతి చూసే విదేశాంగ శాఖ వేరు. పొరపాటున వేరేచోటికి వెళ్తే అయిదు రోజుల్లో సరైన ఆఫీసుకు బదిలీ చేయాలి. భూ సరిహద్దు విషయంలో మాత్రం జాగ్రత్త. బీఎస్ఎఫ్ (సరిహద్దు భద్రతా దళం) ఈ చట్టం నుంచి మినహాయింపు ఉన్న సంస్థల జాబితా అయిన రెండో షెడ్యూల్లో ఉంది కాబట్టి అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు తప్ప మిగతావి ఇవ్వదు. కోస్ట్ గార్డ్ ఆ జాబితాలో లేదు.

లేకపోయినా సెక్షన్ 8(1)(ఎ) అడ్డం వస్తుంది: దేశ భద్రత. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న ఊళ్లో ఈ మాట ఎక్కువగానే వినాల్సి వస్తుంది, అందులో నిజమైన అవసరమూ ఉంది. అందుకే గస్తీ దారులు, రాడార్ వివరాలు మనమే అడగకూడదు. ఏడాదివారీగా ఎన్ని బోట్లు దాటాయి, కారణంగా ఏం నమోదు చేశారు, ఇంతవరకే అడగండి. “రహస్యమైన భాగం ఉంటే సెక్షన్ 10 ప్రకారం దాన్ని తొలగించి మిగతాది ఇవ్వగలరు” అని ముందే రాసిపెట్టండి. నిరాకరిస్తే కారణం, అప్పీలు గడువు, అప్పీలు అధికారి వివరాలు ఇవ్వడం సెక్షన్ 7(8) కింద వాళ్ల బాధ్యత.

ఇంకో దారి కూడా ఉంది. ముఖ్యమైన విధానాలు రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ అడక్కుండానే ప్రచురించాలని సెక్షన్ 4(1)(సి) చెబుతోంది. విధానం ఇప్పటికే ప్రకటించేసి ఉంటే, దరఖాస్తులో ఈ సెక్షన్ పేరు కూడా ఎత్తండి.

దరఖాస్తు చేరిన రోజు నుంచి 30 రోజులు లెక్క. పోస్టు రశీదు దాచుకోండి.

ఈ వారం సాధన: పేపర్లో ఏ అధికారిదైనా ఒక్క వాక్యం కత్తిరించండి, అందులో లెక్కో కారణమో ఉండాలి. దాని మీద నాలుగు అంశాల దరఖాస్తు రాయండి. ఎక్కడైనా “ఎందుకు” దొర్లితే కొట్టేసి, దాని బదులు ఒక కాగితం పేరు పెట్టండి. 6వ పాఠంలో గడువు దాటినా జవాబు రానప్పుడు మొదటి అప్పీలు రాయడం నేర్చుకుందాం.