సుప్రీంకోర్టు తీర్పు కావాలా? అధికారిక రిపోర్టు ఇలా తీసుకోండి

పోయిన నెల మా అక్క వరంగల్‌లో కోర్టుకు దగ్గర్లోని ఒక షాపులో తీర్పు కాపీ అడిగితే 300 రూపాయలు తీసుకుని ఎక్కడిదో ప్రింటు ఇచ్చారు. ఇంటికొచ్చి చూస్తే మధ్యలో పేజీలే లేవు. నాకు చాలా బాధేసింది, ఎందుకంటే అదే తీర్పు అధికారిక రూపంలో పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది.

సుప్రీంకోర్టు తన తీర్పులను 1950 నుంచి ‘సుప్రీంకోర్టు రిపోర్ట్స్’ పేరుతో అచ్చు వేస్తోంది, వకీళ్లు ఎస్‌సీఆర్ అంటారు. 2023 జనవరి 2న దీన్ని ఈ-ఎస్‌సీఆర్‌గా ఆన్‌లైన్‌లో అందరికీ ఉచితంగా తెరిచారు. దరఖాస్తు ఫారం లేదు, ఫీజు లేదు, మీసేవకు పోవాల్సిన పని అసలే లేదు. ఎస్‌సీఆర్ డాట్ ఎస్‌సీఐ డాట్ జీవోవీ డాట్ ఇన్ తెరిచి, పార్టీల (అంటే కేసులోని ఇరుపక్షాల) పేర్లో విషయానికి సంబంధించిన మాటో ఇంగ్లీషులో టైప్ చేసి, క్యాప్చా కొట్టి వెతకండి. పేరు దొరక్కపోతే స్పెల్లింగ్ మార్చి చూడండి, చాలాసార్లు తేడా అక్కడే ఉంటుంది.

వకీలు సైటేషన్, అంటే తీర్పు ఎక్కడ అచ్చయిందో చెప్పే గుర్తు, రాసిచ్చారనుకోండి, ‘[1978] 2 ఎస్‌సీఆర్ 621’ లాగా. 1978 సంవత్సరం, 2 వాల్యూమ్, 621 తీర్పు మొదలయ్యే పేజీ. ఇది మేనకా గాంధీ కేసు. ఈ మూడు అంకెలుంటే వెతకడం నిమిషం పని.

మా అక్కకు కావాల్సింది వినీతా శర్మ కేసు, 2020 ఆగస్టు 11 నాటి తీర్పు. నాన్న ముందే చనిపోయాడు కాబట్టి ఉమ్మడి ఆస్తిలో నీకు వాటా లేదని అన్నదమ్ములు అంటున్నారు. హిందూ కుటుంబాల్లో కూతుళ్లకూ ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చిన చట్ట సవరణ 2005 సెప్టెంబర్ 9న అమల్లోకి వచ్చింది, ఆ రోజుకు తండ్రి బతికి ఉండాల్సిన అవసరం లేదని ఆ తీర్పులో స్పష్టంగా ఉంది. పీడీఎఫ్ తెరవగానే ముందు కనిపించే హెడ్‌నోట్ చదివి ఆగిపోకండి. అది సంపాదకులు రాసిన సారాంశం, కోర్టు మాట కాదు. కింద నంబర్లు వేసిన పేరాలే తీర్పు, వకీలుకు చూపించేటప్పుడు పేరా నంబరు చెప్పండి.

కొన్ని తీర్పులకు తెలుగు అనువాదం కూడా ఉంది. ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించడానికి ఎంతో పనికొస్తుంది, కానీ కోర్టులో చెల్లేది ఇంగ్లీషు పాఠమే.

సర్టిఫైడ్ కాపీ, అంటే కోర్టే ధ్రువీకరించి ఇచ్చే నకలు, దాని సంగతి వేరు. అది మీ సొంత కేసు తీర్పును ఎక్కడైనా దాఖలు చేయాల్సి వస్తేనే కావాలి. కేసులో పార్టీ అయితే కేసు నంబరుతో సుప్రీంకోర్టు రిజిస్ట్రీకి (కోర్టు కార్యాలయానికి) దరఖాస్తు పెట్టి ఫీజు కడతారు. పార్టీ కానివాళ్లు సరైన కారణం చూపించి కోర్టు అనుమతి తీసుకోవాలి, 2013 సుప్రీంకోర్టు రూల్స్‌లో 13వ ఆర్డర్ ఇదే చెబుతుంది. వేరేవాళ్ల కేసులోని తీర్పును మీ వాదనకు ఆధారంగా చూపించడానికైతే ఇదంతా అక్కర్లేదు, ఎస్‌సీఆర్ ప్రింటు చాలు. మా అక్క ఇప్పుడు పూర్తి పేజీలు తీయించి, తనకు కావాల్సిన పేరాల పక్కన పెన్సిల్‌తో గీత పెట్టుకుంది, సోమవారం వకీలు దగ్గరికి పోతున్నాం.