అమెరికాలో పాత తెరచాప పడవను తక్కువ డబ్బుతో కొనడం ఎలా?

నా మొదటి పడవ ఉచితంగా వచ్చింది. దాన్ని వదిలించుకోవడానికి తొమ్మిది వందల డాలర్లు అయింది. డాలస్ దగ్గర ఒక సరస్సు ఒడ్డున ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్న ఇరవై అయిదు అడుగుల పడవ అది. తీసుకుపోతే చాలన్నాడు యజమాని. డెక్కు, అంటే పడవ పైతలం, దాని లోపలి చెక్క కుళ్లిపోయిందని, ఇంజను బిగుసుకుపోయిందని ఒప్పుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. చివరికి ముక్కలుగా కోయించి చెత్త యార్డుకు పంపాను. ఆ తరువాత 2,800 డాలర్లకు కొన్న 1984 నాటి కేటలీనా 22 అనే రకం చిన్న పడవ మాత్రం ఇప్పటికీ నీళ్ల మీదే ఉంది.

ఇంత చవకగా ఎలా దొరుకుతాయంటే, 1960ల చివరి నుంచి 1980ల దాకా అమెరికాలో ఫైబర్‌గ్లాస్ పడవలు వేలకు వేలు తయారయ్యాయి. ఆ ఫైబర్‌గ్లాస్ చెక్కలా కుళ్లదు, ఇనుములా తుప్పు పట్టదు. పడవలు అలాగే ఉన్నాయి, వాటిని కొన్నవాళ్లు పెద్దవాళ్లయ్యారు. పిల్లలకు ఆసక్తి లేదు, పడవలను కట్టి ఉంచే రేవు, అంటే మెరీనా, దాని అద్దె మాత్రం నెలనెలా వస్తూనే ఉంటుంది. ఎవరైనా కొంటే బాగుండునని ఎదురుచూసే యజమానులు ప్రతి మెరీనాలోనూ ఉంటారు.

మొదటి మెట్టు: కొనకముందే ఎక్కండి

చాలా సెయిలింగ్ క్లబ్బులు వేసవిలో వారం మధ్య సాయంత్రాలు పందేలు నడుపుతాయి. పడవ ఉన్నవాళ్లకు తాళ్లు లాగే మనుషులు ఎప్పుడూ తక్కువే. జారని బూట్లు, మంచినీళ్ల సీసా పట్టుకుని వెళ్లి, కొత్తవాణ్ని, ఎవరికైనా మనిషి కావాలా అని అడగండి. నాలుగు వారాలు వెళితే మీకు ఈ సరదా నిజంగా ఉందో లేదో పైసా ఖర్చు లేకుండా తేలిపోతుంది. ఏ పడవ అమ్మకానికి రాబోతోందో ప్రకటన పడకముందే చెవిన పడుతుంది కూడా. ఆ తరువాత వారాంతంలో ఒక ప్రాథమిక శిక్షణ తీసుకోండి.

మా అమ్మమ్మ ఊరు గోదావరి గట్టు. తెరచాప ఎత్తిన పడవలను రోజూ చూసిన మనిషి. నా పడవ ఫోటో చూపిస్తే ఆవిడ అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, "సరంగు ఎవరురా?" నేనే అన్నాను. చాలాసేపు నవ్వింది.

రెండో మెట్టు: డబ్బును రెండు వాటాలు చేయండి

చేతిలో ఆరు వేల డాలర్లుంటే మూడు వేల డాలర్ల లోపు పడవలే చూడండి. మిగతా సగం మొదటి ఏడాదిలో ఎలాగూ అయిపోతుంది. ఏనుగునిచ్చినవాడు అంకుశం ఇవ్వడా అంటారు గానీ, పడవల లోకంలో ఇవ్వడు. చిన్న పడవకైనా కొత్త పెద్ద తెరచాప, వెనక తగిలించే కొత్త అవుట్‌బోర్డ్ మోటారు ఒక్కొక్కటీ వెయ్యి డాలర్ల పైమాటే. లోపల డీజిల్ ఇంజను ఉన్న పాత పడవకు ఇంజను మార్చాల్సి వస్తే, ఆ ఖర్చు పడవ ధరను ఎప్పుడో దాటేస్తుంది. చారాణా కోడికి బారాణా మసాలా. మెరీనా అద్దె, బీమా, అడుగున రంగు కూడా లెక్కలో రాసుకోండి. మెరీనాలు అద్దెను ఎక్కువగా పడవ పొడవును బట్టి వేస్తాయి కాబట్టి, అడుగు పెరిగిన కొద్దీ నెల బిల్లూ పెరుగుతుంది.

మూడో మెట్టు: నలుగురికీ తెలిసిన పడవనే ఎంచుకోండి

నేను కేటలీనా 22 వైపు మొగ్గడానికి కారణం దాని అందం కాదు. 1969లో మొదలైన ఈ రకం పడవలు పదిహేను వేలకు పైగా తయారయ్యాయి. విడి భాగాలు ఇప్పటికీ దొరుకుతాయి, ఏ రోగానికి ఏ మందో చెప్పగలిగినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ట్రెయిలర్ మీద ఇంటికి తెచ్చుకుంటే మెరీనా అద్దె కూడా తప్పుతుంది. కానీ ట్రెయిలర్‌తో కలిపితే బరువు మూడు వేల పౌండ్లు దాటుతుంది. సెడాన్ కారుతో లాగుదామనుకోకండి.

మంచినీటి సరస్సులో పెరిగిన పడవకు ఉప్పునీటి పడవ కంటే లోహభాగాల బాధలు తక్కువ. ఉత్తరాది రాష్ట్రాల్లో ఉంటే శరదృతువులో బేరం చేయండి. చలికాలం పడవను దాచే ఖర్చు ముంచుకొస్తుంటే అమ్మేవాడి పట్టు సడలుతుంది.

నాలుగో మెట్టు: చేత్తో, చెవితో, ముక్కుతో చూడండి

వెళ్లేటప్పుడు టార్చిలైటు, స్క్రూడ్రైవరు, టిష్యూ కాగితాలు, పాత బట్టలు చాలు.

ముందు డెక్కు. రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా చెక్కో ప్లైవుడ్డో పెట్టి చేస్తారు. ఎక్కడో ఒక స్క్రూ పక్కనుంచి నీళ్లు దిగితే ఆ చెక్క నాని కుళ్లుతుంది, పైకి ఏమీ తెలియదు. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తారే, సరిగ్గా అలాగే స్క్రూడ్రైవరు పిడితో జానెడు దూరానికోసారి తట్టుకుంటూ వెళ్లండి. మంచి చోట టక్కుమని గట్టిగా పలుకుతుంది. కుళ్లిన చోట శబ్దం మొద్దుగా, చచ్చినట్టు వస్తుంది. తెరచాప స్తంభం మొదలు చుట్టూ, డెక్కులోంచి ఉక్కుపట్టీలు పైకి వచ్చే చోట మరీ జాగ్రత్తగా వినండి. అరచేయంత మెత్తదనానికి ధర తగ్గించమనవచ్చు. నడుస్తుంటే కాలి కింద డెక్కు దిగుతోందంటే దణ్ణం పెట్టి వచ్చేయండి. నా ఉచిత పడవ అలాగే దిగేది, నాకు మాత్రం మెత్తగా, హాయిగా అనిపించింది.

తరువాత స్తంభాన్ని నిలబెట్టే ఉక్కు తీగలు. ఒట్టి చేత్తో పట్టుకోకండి, తెగిన పోగు గాలంలా దిగుతుంది. టిష్యూ కాగితంతో తుడుచుకుంటూ వెళ్లండి. ఎక్కడ కాగితం చిక్కుకుందో అక్కడ పోగు తెగినట్టు. ఒక్క పోగు తెగినా ఆ తీగ మార్చాల్సిందే. తీగలు ఎప్పుడు వేశారని అడగండి. పది పదిహేనేళ్లు దాటితే వాటి ఖర్చును మీ బేరంలో కలపండి.

కేటలీనా 22లో చాలావాటికి కిందికీ పైకీ కదిలే ఇనుప కీల్, అంటే పడవ ఒరిగిపోకుండా అడుగున ఉండే బరువైన రెక్క, ఉంటుంది, సుమారు అయిదు వందల యాభై పౌండ్లు. పడవ ట్రెయిలర్ మీద ఉన్నప్పుడు కిందికి దూరి కీల్‌ను పక్కకు ఊపి చూడండి. ఎక్కువగా ఊగితే అది వేలాడే కడ్డీ అరిగిందన్నమాట. దాన్ని ఎత్తే ఉక్కుతాడు తుప్పు పట్టిందేమో కూడా చూడండి.

తెరచాపలను సంచిలోంచి తీయించి గడ్డి మీద పరిపించండి. కొత్త తెరచాప గంజి పెట్టిన నేతచీరలా గరగరలాడుతుంది, కాలం చెల్లినది పాత పంచెలా వాలిపోతుంది. కుట్లను గోటితో గీకితే దారం ఊడి వస్తే ఎండ దాన్ని తినేసినట్టే.

మోటారును స్టార్టు చేయకముందే ముట్టుకోండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే అమ్మేవాడు దాన్ని ఒకసారి నడిపి సిద్ధం చేసి ఉంచాడని అర్థం. చల్లటి మోటారు ఎలా అందుకుంటుందో మీ కళ్లతో చూడాలి.

చివరగా లోపలికి వెళ్లి పరుపులెత్తి వాసన చూడండి. అరల లోపల అడ్డంగా మరకగీత కనిపిస్తే ఆ ఎత్తు వరకు ఎప్పుడో నీళ్లు నిలిచాయన్నమాట. టెక్సస్ తీరంలోని గాల్వెస్టన్ అఖాతం వైపు పడవలైతే 2008 ఐక్, 2017 హార్వీ తుపానుల సమయంలో ఎక్కడున్నాయని సూటిగా అడగండి.

అయిదో మెట్టు: నీళ్లలో నడిపి చూడండి

గాలి ఉన్న రోజు చూసుకుని, అన్ని తెరచాపలూ ఎత్తించి, రెండు వైపులకూ తిప్పి చూడండి. ట్రెయిలర్ మీది మూడు వేల డాలర్ల పడవకు, పడవలను పరీక్షించి నివేదిక ఇచ్చే సర్వేయరు అక్కర్లేదని నా అభిప్రాయం, తెలిసిన స్నేహితుడు చాలు. లోపల ఇంజను ఉండి ఎప్పుడూ నీళ్లలోనే ఉండే పెద్ద పడవకైతే మాత్రం గుర్తింపు ఉన్న సర్వేయరు చేత, పడవను నీళ్లలోంచి ఎత్తించి మరీ చూపించండి. పాత పడవకు సర్వే నివేదిక లేనిదే చాలా కంపెనీలు బీమా ఇవ్వవు.

ఆరో మెట్టు: కాగితాలు చూశాకే డబ్బు

పడవ వెనకభాగంలో కుడివైపు పైన హల్ నంబరు, అంటే పడవ గుర్తింపు సంఖ్య, ఉంటుంది. 1972 నవంబరు తరువాతి పడవలకు అది తప్పనిసరి. టైటిల్ కాగితంలో, అంటే యాజమాన్య పత్రంలో, ఉన్నదీ అదీ అక్షరం పొల్లు పోకుండా కలవాలి. టెక్సస్‌లో పడవ టైటిల్‌ను పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ఇస్తుంది, అవుట్‌బోర్డ్ మోటారుకు టైటిల్ వేరు, ట్రెయిలర్ కాగితాలు వేరు. కొన్న ధర మీద 6.25 శాతం పన్ను ఉంటుంది. కోస్ట్‌గార్డు దగ్గర చేసే ఫెడరల్ నమోదు అమెరికా పౌరులకే. హెచ్1బీ మీద ఉన్నవాళ్లూ గ్రీన్‌కార్డువాళ్లూ రాష్ట్ర నమోదుతో సరిపెట్టుకోవాలి, చిన్న పడవకు అది చాలు. పోయిన టైటిల్ తరువాత పంపిస్తానంటే డబ్బూ తరువాతే ఇస్తానని చెప్పండి.

ఇంటికి తెచ్చాక ఉత్సాహం కొద్దీ వాకిట్లోనే స్తంభం ఎత్తేయాలనిపిస్తుంది. అది ఇరవై అయిదు అడుగుల అల్యూమినియం గొట్టం. ముందు తల పైకెత్తి కరెంటు తీగలు ఎక్కడున్నాయో చూసుకోండి, సరస్సు దగ్గర పడవ దింపే రేవులోనూ అంతే.