సంక్రాంతి మూడు రోజులూ ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లను ఎలా చూసుకోవాలి?

మా ఇంట్లో 20 ఏళ్లుగా పండగ పని నాదే. మామయ్యగారికి షుగర్, అత్తయ్యగారికి షుగర్‌తో పాటు బీపీ. ఇన్నేళ్లలో మా ఊళ్లో పండగ పూట కళ్లు తిరిగి పడిపోయినవాళ్లను చాలామందిని చూశాను. ఎవరు పడిపోయినా చుట్టూ చేరినవాళ్లు అనే మాట ఒకటే: "అరిసెలు ఎక్కువ తిన్నాడు, షుగర్ పెరిగిపోయింది." నేను దగ్గరుండి చూసినవాటిలో ఎక్కువసార్లు జరిగింది అది కాదు. మాత్ర వేసుకుని, తినకుండా కూర్చోవడం వల్ల షుగర్ పడిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఊరెళ్లే ముందు

వారం ముందే డాక్టర్‌ని కలిసి ఒక్క ప్రశ్న అడగండి: "సంక్రాంతి నాడు పెద్దలకు పెట్టేదాకా మా నాన్నగారు ఏమీ తినరు, ఆ రోజు ఏ మాత్ర ఎన్నింటికి వేసుకోవాలి?" జవాబు చీటీ మీద రాయించుకోండి. మాత్రలు పది రోజులకు సరిపడా కొనండి. షుగర్ చూసే మెషీన్, దాని స్ట్రిప్పులు, ఒక గ్లూకోజ్ పొడి ప్యాకెట్ కూడా సర్దండి. ఇవన్నీ చేతిసంచిలోనే ఉండాలి, బస్సు డిక్కీలో వేసే సూట్‌కేసులో కాదు. ఇన్సులిన్ అయితే ఎండ తగిలే డాష్‌బోర్డు మీదా వద్దు, ఊళ్లో ఫ్రిజ్ డీప్ ఫ్రీజర్‌లోనూ వద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ ఇక పనికిరాదు.

పొద్దుటి మాత్రలకొకటి, రాత్రివాటికొకటి చిన్న స్టీలు డబ్బాలు పెట్టండి. గళ్ల ప్లాస్టిక్ పెట్టెలు కొనకండి, సంచిలో మూత ఊడి అన్నీ కలిసిపోతాయి.

హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు వచ్చేవాళ్లకు పంతంగి టోల్‌గేట్ దగ్గర పండగ రద్దీ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. దారిలో హోటల్ దొరుకుతుందిలే అనుకోవద్దు. ఇడ్లీలు కట్టుకుని బయల్దేరండి. బిస్కెట్లు భోజనం కాదు.

భోగి పొద్దున్న

తలంటు తెల్లవారకముందే కావాలని పెద్దవాళ్లు పట్టుబడతారు. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది కాబట్టి బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకు నేను పొద్దెక్కాకే నీళ్లు పోస్తాను. మీరూ అలాగే చేయండి. ఆయాసం ఉన్నవాళ్లు మంటకు దూరంగా, పొగ రాని వైపు కూర్చోవాలి, ఇన్‌హేలర్ జేబులో ఉండాలి. మంటలో పిడకలు, కట్టెలు వేయండి. టైర్లు, ప్లాస్టిక్ వేసేవాళ్లను మొహమాటం లేకుండా ఆపండి.

ఇంకో సంగతి. షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది. చలి కాచుకుంటూ కాళ్లు మంట దగ్గరికి చాపితే చర్మం కాలినా తెలియదు. కోసిన చేలో చెప్పుల్లేకుండా నడిస్తే వరి మోడు గుచ్చుకున్నా తెలియదు. సాక్సులు, చెప్పులు వేయించండి. రాత్రి పడుకునే ముందు అరికాళ్లు మీరే చూడండి.

పెద్ద పండగ రోజు: అందరూ పొరపాటు పడేది ఇక్కడే

సంక్రాంతి నాడు ఇంటి పెద్ద తలస్నానం చేసి, తర్పణాలు వదిలి, పెద్దలకు బట్టలు పెట్టి, విస్తళ్లు వడ్డించి మొక్కాకే ముద్ద ముట్టుకుంటారు. ఆ రోజు పురోహితుడుగారికి ఊరంతా పనే. మీ ఇంటికి వచ్చేసరికి 12 దాటవచ్చు. ఈలోగా పొద్దున్నే 7 గంటలకు అలవాటు ప్రకారం మాత్ర గొంతులో పడిపోయి ఉంటుంది. అది తన పని తాను చేసుకుపోతుంది.

కొన్నేళ్ల కిందట మామయ్యగారికి ఇదే జరిగింది. చలికి మేమంతా శాలువాలు కప్పుకుని ఉంటే, పైన కండువా ఒక్కటే ఉన్న ఆయన నుదుటి మీద చెమట బొట్లు నిలిచాయి. నువ్వులు, నీళ్లు వదులుతుంటే చెయ్యి వణికి, నీళ్లు పళ్లెంలో కాకుండా పీట మీద పడ్డాయి. అరిటాకు చివర చిరిగి ఉందని పిల్లవాడి మీద కేకలేశారు. ఆయన అలా కేకలేసే మనిషి కాదు. ఆకలికి కోపం వచ్చిందనుకున్నాం. పది నిమిషాల తర్వాత, చదువుతున్న మంత్రం మధ్యలో ఆగిపోయి మా వైపు కొత్తవాళ్లను చూసినట్టు చూశారు. అప్పుడు మెషీన్ తెస్తే 48 చూపించింది. 70 కంటే తగ్గితేనే తక్కువ కింద లెక్క.

అందువల్ల ముందు రోజు రాత్రే, ఇంట్లో ఉన్న మాత్రలు ఏ రకమో తెలుసుకోండి. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివీ, ఇన్సులినూ తిండి లేకపోతే షుగర్‌ను పడేస్తాయి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఆ భయం చాలా తక్కువ. పడేసే రకమైతే, డాక్టర్ వేరేలా చెప్పకపోతే, మా ఇంటి పద్ధతి ఇది: విస్తరి వేశాకే మాత్ర బయటికి రావాలి. ముందు రోజు రాత్రే పొద్దుటి డబ్బా తీసి నా దగ్గర పెట్టుకుంటాను. రోజుకొకసారి వేసుకునే ఇన్సులిన్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపకూడదు. దానికి చీటీలో డాక్టర్ ఏం రాస్తే అదే.

పురోహితుడుగారితో కూడా ముందే మాట్లాడండి. "మా మామయ్యగారికి షుగర్ అండీ, పొద్దున్నే మా ఇంటికి మొదట రండి" అంటే ఎవరూ కాదనరు. మా పురోహితుడుగారైతే, ఒంట్లో బాగాలేనివాళ్లు పాలు, పండు పుచ్చుకోవచ్చని కూడా చెప్పారు. పెద్దలకు పెట్టడం అంత ముఖ్యమైనప్పుడు, పెట్టే పెద్ద నిలబడగలగడం కూడా అంతే ముఖ్యం.

చెమట, వణుకు, విసుగు, తడబడే మాట, తూలడం కనిపిస్తే ఇలా చేయండి. ముందు వేలు సబ్బుతో కడిగించి షుగర్ చూడండి. అరిసెల పాకమో, అరటిపండు జిగురో వేలికి ఉంటే మెషీన్ ఎక్కువ చూపిస్తుంది. నిజంగా 60 ఉన్నా 160 అని చూసి ఊరుకుంటాం. మెషీన్ దగ్గర లేకపోతే వెతుకుతూ కూర్చోకండి, తక్కువే అనుకుని మొదలుపెట్టండి.

అర గ్లాసు నీళ్లలో మూడు టీస్పూన్ల గ్లూకోజ్, లేదంటే పంచదార కలిపి తాగించండి. 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. ఇంకా 70 రాకపోతే మళ్లీ అంతే ఇవ్వండి. వచ్చాక అన్నమో ఇడ్లీయో పెట్టండి. వోగ్లిబోస్ అనే షుగర్ మాత్ర వాడేవాళ్లకు పంచదార తొందరగా పని చేయదు, గ్లూకోజే కావాలి. ప్యాకెట్ తెమ్మన్నది ఇందుకే.

అరిసె, సున్నుండ నోట్లో పెట్టకండి. ఆ రోజు మా ఆడపడుచు చేసింది అదే. తీపి తీపే కదా అనుకుంది. అరిసెలో నూనె, సున్నుండలో నెయ్యి ఉండడం వల్ల ఆ తీపి రక్తంలోకి ఆలస్యంగా దిగుతుంది. మనకేమో నిమిషాలు ముఖ్యం.

స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. కోలుకున్నాక కూడా పని అయిపోలేదు. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రల వల్ల పడిన షుగర్ కొన్ని గంటల తర్వాత మళ్లీ పడవచ్చు. వయసు మీద పడినవాళ్లను, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లను ఆసుపత్రికే తీసుకెళ్లండి. ఆ రాత్రి ఎవరో ఒకరు పక్కన పడుకోవాలి.

బీపీకి వాడే కొన్ని మాత్రలు వణుకును, గుండెదడను కనపడనివ్వవు. అత్తయ్యగారు వాడేది అదే రకం. ఆవిడకు నేను చెమట ఒక్కటే చూస్తాను.

కొన్ని ఇళ్లలో పండగ మూడు రోజులూ మాత్రలు మానేయిస్తారు. కొందరు బాగా తిన్నాం కదా అని రెండు మాత్రలు వేసుకుంటారు. మానేస్తే షుగర్ పెరిగి ఎక్కడికో పోతుంది. రెండు వేస్తే భోజనం అరిగిపోయాక, అందరూ నిద్రపోయిన వేళ పడిపోతుంది. మెంతి నీళ్లు తాగించి ధైర్యంగా ఉండేవాళ్లూ ఉన్నారు. తాగితే తాగనివ్వండి, మాత్ర బదులు మాత్రం కాదు.

అరిసెలు

అసలు తినవద్దనకండి, దొంగచాటుగా తింటారు. రోజుకొకటి, భోజనం తర్వాత, అన్నం ఒక గరిటె తగ్గించి. టీతో వద్దు. బెల్లమే కదా ఫర్వాలేదు అనే మాట నమ్మకండి, షుగర్‌ను బెల్లమూ పంచదారలాగే పెంచుతుంది.

కనుమ

కనుమ నాడు మినుము తినాలి కాబట్టి గారెలు తిననివ్వండి, రెండు చాలు. అసలు భయం మద్యంతో. ఖాళీ కడుపుతో తాగితే కాలేయం రక్తంలోకి చక్కెర వదలడం తగ్గిస్తుంది. షుగర్ మాత్ర కూడా తోడైతే అర్ధరాత్రి పడిపోతుంది. బయటికి చూస్తే తాగి పడుకున్నట్టే ఉంటుంది, ఎవరూ లేపరు. తాగకపోతే అన్నిటికన్నా మంచిది. తాగినవాళ్లకు అన్నం పెట్టి, షుగర్ చూసి పడుకోబెట్టండి. లేపితే పలకాలి. పలకకపోతే మత్తు అనుకోవద్దు, షుగర్ చూడండి.

తిరుగు ప్రయాణం

కనుమ నాడు కాకైనా కదలదంటారు, మీరూ కదలకండి. మర్నాడు టిఫిన్ తిని, మాత్ర వేసుకుని బయల్దేరండి. ఇంటికి చేరిన తెల్లారి పరగడుపున షుగర్ చూసి, ఆ అంకె డాక్టర్ రాసిచ్చిన చీటీ వెనకే రాయండి. ఏ రోజు ఎంత పడింది, ఎప్పుడు తిన్నారు అన్నదీ అక్కడే రాసి, చీటీని స్టీలు డబ్బాలో దాచండి. వచ్చే పండగకు ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు చేతిలో ఉండాల్సింది అదే.